దొంగబీడీ

తలుపు మూసుకుని చాలాసేపయింది, దాని ఇత్తడి గడియ మాత్రం ఇంకా నా వైపే చూస్తోంది. గడియకు కళ్లుండవని నాకూ తెలుసు, కానీ ఇవాళ ఉన్నాయి. అనంతపురం ట్రావెలర్సు బంగళా వరండాలో బల్ల మీద నేను, కింద మెట్టు మీద యేసన్న, లోపల మా ఎర్రన్న. మద్రాసు కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు వాడిని ప్రశ్నలడుగుతున్నారు, పక్కన మిల్లు సావుకారి చెన్నప్ప కూర్చుని తల ఊపుతూ ఉంటాడు, మిల్లు తరఫున పంపేది ఆయనే కాబట్టి. ఎర్రన్న నా చెల్లెలి కొడుకు, ఆ మిల్లులోనే పెత్తనం చూస్తాడు. తలలో సగం వెంట్రుకలు తెల్లబడిన మగవాడికి తోడెందుకని బస్సులో ఎగతాళి చేశాను. "నువ్వు బయట కూర్చుంటే చాలు మామా, నాకు ధైర్యంగా ఉంటాది" అన్నాడు. ధైర్యం. వాడి ధైర్యం ఎంత కొలతో, ఏ రంగో నాకు తెలిసినంతగా వాడికి కూడా తెలియదు, దాన్ని కాగితం మీద కుట్టింది నేనే కదా. కుట్టేటప్పుడు సూది ఎవరికి గుచ్చుకుందో అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూడక తప్పడం లేదు, ఆ మనిషి నా కాళ్లకు మూరెడు దూరంలో మెట్టు మీద కూర్చుని తలగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు.

ఎండ వరండా అంచుదాకా వచ్చి ఆగింది, లోపలికి రావడానికి ఎవరి అనుమతి కోసమో చూస్తున్నట్టు. ఇంతకంటే పెద్ద ఎండలు చూశాం. ఒక ఏడు ఎండకు భయపడి మనుషుల నీడలు ఇళ్లలోంచి బయటికి రామన్నాయి, మా గంగప్ప నీడ లేకుండానే చేనికి పోయాడు, సాయంత్రం తిరిగొస్తుంటే నీడ గొడుగు పట్టుకుని ఊరి బయటిదాకా ఎదురొచ్చింది. ఇది చెబితే గంగప్ప టీకొట్టు ముందు బండల మీద కూర్చున్న వాళ్లందరూ పొర్లి పొర్లి నవ్వేవాళ్లు, గంగప్ప అయితే టీ పోయడం మర్చిపోయి గ్లాసు బయట పోసేవాడు. నవ్వొస్తుందేమోనని ఇప్పుడు ఒకసారి మనసులో చెప్పుకున్నాను. రాలేదు. వరండా మూలలో మట్టి కూజా ఉంది, మీద గ్లాసు బోర్లించి ఉంది. యేసన్న దాని వైపు ఒకసారి చూసి, లేచి, ఆవరణ చివర కొళాయి దాకా ఎండలో పోయి దోసిలి పట్టి తాగి వచ్చాడు. ఇక్కడ తాగొచ్చని నేను చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడు చెప్పాను గనక.

"పెద్దయ్యా, సావుకారి బయటికొస్తే నువ్వు ఒక మాట చెప్పు" అన్నాడు మళ్లీ మెట్టు మీద కూర్చుంటూ. పొద్దున బస్టాండు దగ్గర కనబడినప్పటి నుంచి ఇదే మాట. "మిల్లు కాడ నన్ను గేటు లోపలికి రానీయడం లేదు. ఈడికొస్తాండాడని విని వచ్చినా. నీ మాటంటే ఆయప్పకు గురి."

"చెప్తాలే" అన్నాను. అబద్ధాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడిని, ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాలుక పిడచగట్టింది.

యేసన్న తాడిపత్రి నూనెమిల్లులో కావలివాడు. కాదు, కావలివాడుగా ఉన్నాడు. పోయిన వారం చెన్నప్ప పిలిపించి, నువ్వు చేసిన పని కాగితంలో ఉంది, రేపటి నుంచి రావద్దు అన్నాడట. ఏం పని, ఏ కాగితం, వీడికి తెలియదు. చదువు రానివాడికి కాగితం అంటే పిడుగులాంటిది, ఎక్కడ పుట్టిందో అడగడు, పడిందని మాత్రం తెలుసుకుంటాడు. అదే మిల్లులో శెనక్కాయలు ఒలిచే వీడి పెళ్లాం అక్కమ్మ పక్కన ఇప్పుడు మిగతా ఆడవాళ్లు కూర్చోవడం లేదట, చేటలు పక్కకు జరుపుకుంటున్నారట. అక్కమ్మ చేట నాకు కనబడుతోంది. ఒంటరిగా, నేల మధ్యలో. గడియ వైపు చూస్తే కాసేపు ఆ చేట కనబడకుండా పోతుంది, కాబట్టి గడియ వైపే చూస్తున్నాను.

ఆ అర్జీ మా అరుగు మీదికి వచ్చిన రోజు ఎంత సంబరపడ్డాను. పనిలో ఉంటూనే చదివే వ్యాపారం డిగ్రీ అట. మద్రాసులో కొన్నాళ్లు క్లాసులు, కొన్నాళ్లు తిరిగొచ్చి పని, ఇప్పటికే నలుగురి మీద పెత్తనం చేస్తున్నవాళ్లకే సీటు. మార్కులు చూసి ఇవ్వరు, మూడు వ్యాసాలు రాయాలి. ఇన్నేళ్లు పనిచేశాక ఇప్పుడు చదువెందుకు, నీకొచ్చిన కష్టంలో మనుషులను నీ వెంట ఎలా నడిపించావు, నీలో ఉన్న లోపం ఏమిటి. ఎర్రన్న బి.ఏ. చదివినవాడు, ఇంగ్లీషులో తానే రాసుకొచ్చి నాకు తెలుగులో చదివి వినిపించాడు. నేను కష్టజీవిని, నాకు నాయకత్వ లక్షణములు కలవు, సంస్థ అభివృద్ధికి అహర్నిశలు పాటుపడుదును. వాడు చదువుతుంటే అరుగు కింద పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది. ఇది నిజం, కల్పన కాదు.

"ఒరే ఎర్రన్నా, ఇది సంబంధం తెచ్చినోడు పెండ్లికొడుకును పొగిడినట్టుండాది" అన్నాను. "ఇంత పొడుగు రాసినావు, ఒక్క మనిషి లేడు, ఒక్క బండెద్దు లేదు. ఇది చదివితే వాళ్లకు నిద్రొస్తాది, నీకు సీటు రాదు."

"మరి ఎట్ల రాయల్ల మామా?"

ఎట్లా రాయాలో చెప్పాను. నాలుగో తరగతితో వీధిబడి వదిలేసినవాడిని, మద్రాసు కాలేజీకి వ్యాసం ఎలా ఉండాలో కాలు మీద కాలేసుకుని చెప్పాను. ధైర్యవంతుడినని చెప్పుకోవద్దు, ధైర్యం అవసరమైన రోజు ఎలా తెల్లారిందో చెప్పు. గెలిచానని చెప్పే ముందు ఎక్కడ ఓడిపోబోయావో చూపించు. లోపం రాయమంటే దాచుకోవద్దు, అలాగని గొప్పను తెచ్చి లోపం అని పేరు పెట్టొద్దు, కోపం ఉంటే కోపం అనే రాయి. చదువు ఎందుకంటే దేశసేవకని రాయొద్దు, కాయ ధర ఎందుకు పడుతుందో నీకు అర్థం కావడం లేదని, అది తెలుసుకోవాలని రాయి, అదే కదా నిజం. వాడి ముఖం వెలిగింది. మొదటి వ్యాసం, మూడో వ్యాసం వాడి చేత అలాగే రాయించాను, అవి నిఖార్సైనవి, వాటిలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను. అక్కడితో ఆగి ఉంటే. ఆగడం నా జన్మలో ఉందా.

రెండో వ్యాసం కష్టం గురించి. కష్టానికి కరువేముంది. అరవైమూడో సంవత్సరం ఎండాకాలం మిల్లు బావి ఎండిపోయింది, బాయిలరుకు నీళ్లు లేక మిల్లు మూతపడబోయింది, అది మూతపడితే ఒలుపు కూలి మీద బతికే ఇళ్లలో పొయ్యి వెలగదు. ఎర్రన్న పెన్న ఇసుకలో చెలమలు తీయించి, బండ్ల మీద పీపాలు పెట్టించి నీళ్లు తోలించాడు, మిల్లు ఆగలేదు. చాలు కదా. చక్కని నిజం. దాన్ని చూస్తూ నేనేమన్నాను, ఇందులో బిగువు లేదురా అన్నాను. బిగువు. గంగప్ప టీకొట్టు ముందు కథ కొంచెం చప్పబడితే ఎవరో ఒకరు అడిగేవారు, "ఇంతకీ దొంగ ఎవరు బయ్యన్నా?" అని. నా కథలన్నిటిలో ఒక దొంగ ఉంటాడు. ఆ దొంగ ఎప్పుడూ అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకడై ఉండాలి, అది మా ఊరి పద్ధతి. నేను ఒకసారి చుట్టూ చూసి పేరు చెప్పగానే అందరూ వాడి వీపు మీద చరిచేవాళ్లు. కథ అయిపోయాక ఆ దొంగకు నేను బీడీ ఇవ్వాలి. దొంగబీడీ. వాడు తీసుకుని వెలిగించాడంటే తన పేరు నేను వాడుకున్నా ఏం ఫరవాలేదని అర్థం. వెలిగించకుండా కింద పెట్టేశాడంటే ఆ కథ చచ్చినట్టు. ఎక్కడ చెప్పానో అక్కడే, విన్నవాళ్లందరి ముందూ నిలబడి, ఇది నా నోట పుట్టింది, నా నోటనే పోయింది అనాలి, ఆ తర్వాత దాన్ని మళ్లీ ఎత్తకూడదు. నాకు తెలిసి ఒక్కసారే జరిగింది. శింగనమల చెరువు ఎండిపోయిన ఏడు చేపలు దుమ్ము దులుపుకుంటూ రోడ్డెక్కి బుక్కరాయసముద్రానికి దారి అడిగిన కథ, నా కథలన్నిటికీ నాయకుడది, అందులో లక్ష్మన్నను దొంగను చేశాను. ఆ రోజు వాళ్లింట్లో కొత్త వియ్యంకుడు దిగి ఉన్నాడు, లక్ష్మన్న బీడీ కింద పెట్టాడు. లేచి నిలబడి చంపేశాను. మళ్లీ ఎత్తకూడదన్న మాట గుర్తుండీ, ఇప్పుడు కూడా ఆ చేపలను నడిరోడ్డు మీదే వదిలేస్తున్నాను చూడు.

యేసన్న ఎప్పుడూ కింద పెట్టలేదు. వాడిని ఎన్నిసార్లు దొంగను చేశానో లెక్కే లేదు. దారితప్పి వచ్చిన మేఘాన్ని తిమ్మన్న గూటానికి కట్టేస్తే తెల్లారేలోగా దాన్ని పితుక్కుని పోయింది యేసన్నే. రైలు కూతను గుడ్డలో మూటగట్టి సంతలో అమ్మింది యేసన్నే. వాడు అందరితో పాటు బండ మీద కూర్చునేవాడు కాదు, కాస్త ఎడంగా నేల మీద కూర్చునేవాడు, పేరు చెప్పగానే తల వంచుకుని నవ్వేవాడు. మంచి మనిషి, దేనికీ నొచ్చుకోడు అనుకునేవాడిని. మిగతావాళ్లకు బీడీ చేతికి ఇచ్చేవాడిని. వాడికి బండ అంచున పెట్టేవాడిని, వాడు వచ్చి తీసుకునేవాడు. చేతికివ్వని బీడీని వద్దనడం ఎలాగో వాడికి ఎవరు నేర్పారు? నేను లేచి నిలబడి కథ చంపుతానని లక్ష్మన్నకు నమ్మకం. యేసన్నకు ఏ నమ్మకం ఉంది? ఇన్నేళ్లూ వాడి నవ్వు నాకిచ్చిన సెలవు అనుకున్నాను. ఈ వరండాలో, ఈ ఎండలో, అది సెలవు కాదేమోనని అనుమానం పుట్టింది, పుట్టినది చావడం లేదు.

అరుగు మీద ఎర్రన్న కలం పట్టుకుని నవ్వుతూ అదే అడిగాడు, "ఇంతకీ దొంగ ఎవరు మామా?" అలవాటు మాట. నేను చుట్టూ చూశాను, అరుగు మీద మేమిద్దరమే. ఆలోచించకుండానే నోరు చెప్పేసింది, యేసన్న. ఇంక కథ పరుగెత్తింది. చెలమల దగ్గర కాపలా ఉన్న యేసన్న రాత్రుళ్లు పీపాల నీళ్లు హోటలువాళ్లకు అమ్ముకున్నాడు, పొద్దున బాయిలరుకు నీళ్లు లేవు, కూలీలు తిరగబడ్డారు, ఎర్రన్న ఇసుకలో తానే పడుకుని కాపు కాసి వాడిని పట్టుకున్నాడు, కూలీలు కొట్టబోతే అడ్డం నిలబడి క్షమించాడు, మళ్లీ వాడినే కావలి పెట్టాడు, ఆనాటి నుంచి వాడు ప్రాణమిచ్చి పనిచేశాడు. చెబుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఎర్రన్న గబగబా ఇంగ్లీషులోకి దింపుకున్నాడు. అసలు ఆ ఎండాకాలమంతా ఇసుకలో పడుకుని, గొడ్లు తొక్కకుండా, పక్క ఊళ్లవాళ్లు ఎత్తుకుపోకుండా చెలమలు కాచింది యేసన్న. అది ఎర్రన్నకు తెలుసు, నాకు తెలుసు. మద్రాసువాళ్లకు ఎక్కడ తెలుస్తుందిలే, ఇంగ్లీషులో కథ మన ఊరికి తిరిగొస్తుందా అనుకున్నాను. వచ్చింది. రాసినది నిజమేనని యజమాని సంతకం చేయాలని కాలేజీవాళ్లు ఆ వ్యాసాలను చెన్నప్పకే పంపారు.

చెన్నప్ప చదివి ఎర్రన్నను పిలిచి అడిగాడట, యేసన్న ఇంత పని చేసినాడా, నాకెందుకు చెప్పలేదు అని. ఆ గదిలో వాడు ఎలా నిలబడి ఉంటాడో నాకు కనబడుతోంది, చిన్నప్పుడు తప్పు చేసినప్పుడు నిలబడినట్టే, ఒక కాలితో రెండో కాలి పిక్క రుద్దుకుంటూ. కాదంటే వ్యాసం అబద్ధం, అబద్ధమంటే సీటు లేదు. "అది అప్పుడే అయిపోయింది సావుకారీ, నేను క్షమించినా కదా" అన్నాడట. "నువ్వు క్షమిస్తివి, నేను క్షమించల్లేదే" అన్నాడట చెన్నప్ప. ఇదంతా ఇవాళ పొద్దున బస్సులో, కిటికీ వైపు తిరిగి చెప్పాడు నాకు. "సీటు రానీ మామా, మేనేజరయినాక యేసన్నను నేనే మళ్లీ పెట్టిస్తా" అన్నాడు. అంటే వ్యాసంలో రాసినట్టే, దొంగను క్షమించి పనిలో పెట్టుకుంటాడన్న మాట. నా కథ ఇప్పుడు నడిచొచ్చి నిజమవబోతోంది. చేపలు నడిస్తే నవ్వాను. ఇది నడుస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తోంది.

వాడిని మాత్రం ఏమనను. వాళ్ల నాన్న పోయాక ఆ ఎర్రనేలలో గింజ చల్లి వాన కోసం మొగులు వైపు చూడలేక మిల్లులో చేరాడు, ఎంత పనిచేసినా చెన్నప్ప కొడుకు పెద్దవాడయ్యేదాకానే ఆ కుర్చీ. ఈ చదువొక్కటే వాడికి దారి. మా చెల్లెలు లక్ష్మీదేవమ్మ కొడుకు కబురు వచ్చేదాకా పొయ్యి ముట్టించనని గడపలో కూర్చుంది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వు నోరుపెట్టి చెడగొట్టొద్దు" అని నవ్వింది. అటు ముట్టించని పొయ్యి, ఇటు జరిపిన చేటలు. రెంటి మధ్యలో నా నోరు. ఊరుకుంటే ఏం పోతుంది, ఇంకొక్క గంట. యేసన్నకు తెలియనే తెలియదు, తెలిసినా ఏమంటాడు, తల వంచుకుని నవ్వుతాడు. ఈ మాట అనుకున్న తర్వాత నా మీద నాకే రోత పుట్టింది. ఆ పేరు నోటికి అంత సులువుగా ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. బీడీ వద్దనని పేరు అదొక్కటే.

"పెద్దయ్యా" అన్నాడు యేసన్న, నేలను చూస్తూనే. "కాగితంలో నన్ను ఎవురు పెట్టినారో తెలిస్తే బాగుండు. ఆయప్ప కాళ్లయినా పట్టుకుందును."

నేను కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాను. అనుకుని చేసింది కాదు, కాళ్లే వెనక్కి పోయాయి. యేసన్న చూశాడు.

"యేసన్నా, పెట్టింది నేనేనప్పా."

లోపలి నుంచి ఎవరో నవ్వినట్టు వినబడింది, కుర్చీ జరిగింది, మళ్లీ మాటలు.

"కతా?" అన్నాడు యేసన్న.

"కతే."

"కతలో నేనేం చేసినా?"

"చెలమ కాడి నీళ్లు అమ్ముకున్న్యావు."

"ఎవురికి?"

దేవుడా, వాడు టీకొట్టు ముందు అడిగినట్టే అడిగాడు. "హోటలోళ్లకు" అన్నాను.

"ఆ ఎండాకాలం ఇసుకలో పండుకునింది నేను గదా పెద్దయ్యా."

"నువ్వే."

"కతలో ఎవురు పండుకున్న్యారు?"

తలుపు వైపు చూశాను. యేసన్న కూడా చూశాడు, అర్థం చేసుకున్నాడు.

"తరువాత?"

"ఎర్రన్న నిన్ను క్షమించినాడు."

"మంచోడే" అన్నాడు యేసన్న. నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. తలగుడ్డ విప్పి మోకాలి మీద పరిచి, ముడతలు సాపుచేసి, మళ్లీ మడతపెట్టాడు. "బీడీ ఇయ్యలేదే నాకు."

జేబులో చెయ్యి అంతకుముందే ఉంది, ఎప్పుడు పోయిందో తెలియదు. ఒక బీడీ తీశాను. వేళ్లు బల్ల అంచు వైపు పోబోతుంటే ఆపి, వంగి, వాడి చేతిలో పెట్టాను. అరచెయ్యి గరుకుగా తగిలింది. ఇన్నేళ్ల ఎరుకలో వాడి చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలియదన్న మాట. వాడు బీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి నా పక్కన బల్ల అంచున, నేనెప్పుడూ వాడికి పెట్టే చోటులాంటి చోట, జాగ్రత్తగా, దొర్లిపోకుండా పెట్టాడు.

"ఇది వద్దు పెద్దయ్యా" అన్నాడు.

గడియ కదిలింది. తలుపు తెరుచుకుని ఎర్రన్న బయటికొచ్చాడు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, ముఖం మాత్రం పెండ్లికొడుకు ముఖంలా ఉంది. వంగి నా చెవిలో, "ఆ నీళ్ల కతే మామా, వాళ్లకు బాగా పట్టింది. మిమ్మల్ని మోసం చేసినోన్ని మళ్లీ ఎట్ల నమ్మినారని రెండుసార్లు అడిగినారు. ఇంక అయిపోయినట్టే" అన్నాడు. అప్పుడు మెట్టు మీద మనిషిని, బల్ల మీద బీడీని చూశాడు. మా ఊరివాడే, విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక కాలు ఎత్తి రెండో పిక్క మీద పెట్టుకున్నాడు, ఇంత మనిషి.

నేను లేచాను.

"యాడికి మామా?" అన్నాడు, నా భుజం పట్టుకుని. పట్టు గట్టిగా లేదు. గట్టిగా పట్టి ఉంటే ఆగిపోయేవాడినేమో, ఆ సంగతి కూడా నాకు తెలియాలి. "అమ్మకు ఏం చెప్పల్ల?" అన్నాడు. భుజం విడిపించుకుని గడప దాటాను.

గది లోపల పైన ఫంకా తిరుగుతోంది, కాగితాల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. మద్రాసు పెద్దమనుషులు ముగ్గురూ తలెత్తారు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు, చెన్నప్పకు రెండూ వచ్చు. ఆయన ముందు నిలబడి చెప్పాను. "సావుకారీ, ఆ నీళ్ల కత నా నోట పుట్టింది, నా నోటనే పోయింది. యేసన్న ఏమీ అమ్మలేదు. ఆ ఎండాకాలం ఇసుకలో పండుకునింది ఆయప్పే." చెన్నప్ప నన్ను ఎగాదిగా చూశాడు, నా కథలు ఆయనకూ కొత్త కాదు, నవ్వాలా వద్దా అని పెదవులు తేల్చుకోలేకపోతున్నాయి. చివరికి కళ్లద్దాలు తీసి అడిగాడు.

"అట్లయితే దొంగ ఎవరు బయ్యన్నా?"

ఈసారి నేను చుట్టూ చూడలేదు.